నల్గొండలో కొత్తగా ప్రకృతి వైద్యం మొదలుపెడుతున్నారా? పేషెంట్లు మీ దాకా ఎలా వస్తారో చెప్తాను

బీఎన్‌వైఎస్ (ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ) పూర్తి చేసి సొంత ఊరికి వచ్చినవాళ్లు, యోగా థెరపీ నేర్చుకుని ఒక గది అద్దెకు తీసుకున్నవాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే, "మేడం, పబ్లిసిటీ ఎలా చేయాలి?" అని. నేను నల్గొండలో రెండు గదుల్లో ఈ పని మొదలుపెట్టి ఏడేళ్లు దాటింది. మొదటి ఏడాది చాలా తప్పులు చేశాను, డబ్బు కూడా పోయింది. మీకు ఆ ఏడాది మిగలాలని ఇది రాస్తున్నాను. హైదరాబాద్‌లో చూసిన పద్ధతుల్లో చాలా వరకు ఇక్కడ నడవవు. నల్గొండ కానీ, మహబూబ్‌నగర్ కానీ, దేవరకొండ, వనపర్తి, మిర్యాలగూడ ఏదైనా కానీ, మన దగ్గర మనిషి కొత్త డాక్టర్ దగ్గరికి పోయేముందు ఇంట్లోనో వాడలోనో ఒకరిని అడుగుతాడు. అలా అడిగినప్పుడు మీ గురించి ఏం మాట వస్తుందో, మీరు ఆ మాట మీద పనిచేయాలి. కింద చెప్పినవి వరుసగా చేయండి, ముఖ్యంగా మొదటి మూడూ అయ్యేదాకా ఒక్క పాంప్లెట్ కూడా కొట్టించకండి.

1. మీరేం చేస్తారో ఒక్క మాటలో తేల్చుకోండి

బోర్డు మీద "హోలిస్టిక్ హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్" అని రాస్తే కనగల్ నుంచి వచ్చిన పెద్దమ్మకు ఏం అర్థమవుతుంది? నా దగ్గరికి మొదట్లో వచ్చిన ఒక అవ్వ కుర్చీలో కూర్చుని, "ఏం మందులిస్తవ్ బిడ్డా?" అని అడిగింది. మందులివ్వను అంటే, "మరి సూది?" అంది. సూది కూడా వెయ్యను అంటే లేచి వెళ్లిపోయింది. ఆమె తప్పేమీ లేదు, నేను చేసేదేంటో ఆమెకు తెలిసేలా నేను ఎక్కడా చెప్పలేదు.

ఆ తర్వాత నేను ఇలా రాసుకున్నాను: "నడుం నొప్పి, మెడ నొప్పి, మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లకు వ్యాయామం నేర్పిస్తాం, నూనె మర్దన, మట్టి పట్టీ, వేడి కాపు పెడతాం, ఏం తినాలో చెప్తాం. మందులు ఇవ్వం, మీ డాక్టర్ ఇచ్చిన మందులు ఆపించం." ఇది విన్న మనిషి ఊరికి పోయి పక్కింటామెకు ఉన్నదున్నట్టు చెప్పగలుగుతుంది. మీరు చదివిన చదువులో పది రకాల చికిత్సలు ఉండొచ్చు, అన్నీ చెప్పకండి. మీ చుట్టుపక్కల జనం ఏం పని చేస్తారో చూసి రెండు మూడు బాధలు ఎంచుకోండి. మనది వరినాట్లు వేసే, పత్తి ఏరే ప్రాంతం, రోజంతా వంగి చేసే పనులు, అందుకే నేను నడుము, మోకాళ్లు ఎంచుకున్నాను. మిర్యాలగూడలో అయితే రైస్ మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలు ఉన్నారు, వాళ్ల భుజాలు, నడుముల గురించి ఆలోచించండి. మహబూబ్‌నగర్ వైపు ముంబై, పుణె పోయి ఏళ్ల తరబడి కూలి పని చేసి తిరిగొచ్చినవాళ్లు ఉన్నారు. కాలేజీలు, కోచింగ్ సెంటర్ల మధ్య గది దొరికితే నిద్ర పట్టకపోవడం, పరీక్షల టెన్షన్, మెడ నొప్పి ఎంచుకోవచ్చు.

2. కాగితాలు సరిచేసుకుని గోడకు తగిలించండి

బీఎన్‌వైఎస్ అంటే నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. అది చేసినవాళ్లు సర్టిఫికెట్టు, రిజిస్ట్రేషన్ నంబరు అందరికీ కనపడేలా పెట్టండి. యోగా నేర్పేవాళ్లకు ఆయుష్ మంత్రిత్వ శాఖ కింద ఉన్న యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్షలు పెట్టి స్థాయిల వారీగా సర్టిఫికెట్లు ఇస్తుంది, మీకు ఆ సర్టిఫికెట్టు లేకపోతే ఆ పరీక్ష రాయండి. చిన్న డిప్లొమా చేసి పేరు ముందు "డాక్టర్" అని పెట్టుకోవద్దు. ఇది మొహమాటం లేకుండా చెప్తున్నాను, ఎందుకంటే మన టౌన్లలో ఈ పొరపాటు చాలామంది చేస్తున్నారు, దాని వల్ల నిజంగా చదువుకున్నవాళ్లను కూడా జనం అనుమానంగా చూస్తున్నారు. "యోగా టీచర్", "థెరపిస్ట్" అన్నా గౌరవం ఏమీ తగ్గదు.

క్లినిక్ రిజిస్ట్రేషన్ కోసం జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారి ఆఫీసుకు, ట్రేడ్ లైసెన్స్ కోసం మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి మీ అర్హతకు ఏవేం కావాలో ముందే కనుక్కోండి. పేషెంటు అడిగాడని బల్ల మీద పెయిన్ కిల్లర్ గోళీలు, సెలైన్లు ఉంచకండి. అర్హత లేకుండా ఇంగ్లీషు వైద్యం చేస్తే 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం కింద ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా ఉన్నాయి.

3. పాంప్లెట్‌లో ఏం రాయకూడదో ముందు తెలుసుకోండి

నేను డబ్బు పోగొట్టుకున్నది ఇక్కడే, డబ్బు కంటే పెద్దది కూడా పోయేది. మొదలుపెట్టిన నెలలోనే పేపర్లలో పెట్టి పంచమని రెండు వేల పాంప్లెట్లు కొట్టించాను. ప్రింటింగ్ ప్రెస్ అతను దగ్గరున్న పాత నమూనా చూపించి, "అందరూ ఇట్లనే రాస్తరు మేడం" అంటే సరేనన్నాను. "షుగర్, బీపీ, కీళ్లవాతం, థైరాయిడ్, మందులు లేకుండా శాశ్వత పరిష్కారం" అని దాని మీద ఉంది. మూడు వారాల తర్వాత ఒకామె వచ్చింది. వాళ్లాయన ఆటో నడుపుతాడు, ఆ పాంప్లెట్ చూసి, నా దగ్గరికి ఎలాగూ వెళ్తాం కదా అని షుగర్ గోళీలు ఆపేశాడు. నా దగ్గరికి రానే లేదు. ఈలోపే షుగర్ బాగా పెరిగి ఆసుపత్రిలో పడ్డాడు. ఆయన బతికి బయటపడ్డాడు, ఆమె నన్ను తిట్టలేదు, మడతపెట్టిన ఆ కాగితం నా బల్ల మీద పెట్టి, "ఇది రాసింది మీరేనా?" అని మాత్రం అడిగింది. మిగిలిన పాంప్లెట్లన్నీ ఆ రోజే కాల్చేశాను.

తర్వాత తెలిసింది, అది చట్టం ప్రకారం కూడా తప్పే. 1954లో వచ్చిన డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద ఒక జాబితా ఉంది, అందులో 54 జబ్బులు, బాధలు ఉన్నాయి. షుగర్, హై బీపీ, లో బీపీ, గుండె జబ్బులు, క్యాన్సర్, పక్షవాతం, మూర్ఛ, ఊబకాయం, కిడ్నీలో రాళ్లు, నెలసరి సమస్యలు, పిల్లలు కలగకపోవడం, కీళ్లవాతం, ఇవన్నీ అందులోనివే. వీటిని నయం చేస్తామని ప్రకటన ఇస్తే మొదటిసారి ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పాంప్లెట్‌కే కాదు, గోడ మీద రాతకు, ఆటో మైకుకు, వాట్సాప్ స్టేటస్‌కు కూడా ఇదే గుర్తుపెట్టుకోండి. "గ్యారంటీ", "వంద శాతం", "శాశ్వతంగా", "సైడ్ ఎఫెక్ట్స్ లేవు" అనే మాటలు మీ నోట్లోంచే తీసేయండి.

మరి ఏం రాయాలి? మీ పేరు, చదువు, రిజిస్ట్రేషన్ నంబరు, టైమింగులు, ఫీజు, ఏ బస్సు దిగితే ఎటు నడవాలో, మీరు చేసే పనులు. దాని కింద కొంచెం పెద్ద అక్షరాల్లో: "మీరు వాడుతున్న మందులు ఆపకండి. పాత రిపోర్టులు, మందుల చీటీ తెచ్చుకోండి." నా బోర్డు మీద ఇప్పటికీ ఈ రెండు వాక్యాలున్నాయి. వీటిని చూసే లోపలికి వచ్చామని చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు.

4. మీరు ముట్టుకోకూడనిది ఏదో తెలుసుకోండి, దాన్ని బయటికి చెప్పండి

నల్గొండ జిల్లాలో పనిచేస్తూ ఫ్లోరైడ్ సంగతి తెలియకపోతే ఈ పని చేయకూడదు, అంత గట్టిగా అంటున్నాను. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి మండలాల్లో ఏళ్ల తరబడి బోరునీళ్లు, బావినీళ్లు తాగి నడుం వంగిపోయినవాళ్లు ఎంతమందో. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి "నల్గొండ టెక్నిక్" అని మన జిల్లా పేరే పెట్టారు, అంత పాత బాధ ఇది. ఇప్పుడు మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నాయి, కానీ చిన్నప్పటి నుంచి ఆ నీళ్లు తాగినవాళ్ల ఎముకల్లో జరిగినది వెనక్కి పోదు.

వాళ్లు మీ దగ్గరికి వస్తారు, ఎందుకంటే నడుం నొప్పి, మెడ తిరగకపోవడం, మోకాళ్లు బిగుసుకుపోవడం, అన్నీ మీ బోర్డు మీద రాసినట్టే ఉంటాయి. మామూలు కండరాల నొప్పి అనుకుని గట్టిగా మర్దన చేసి, మెడ విరిచి, వెన్ను మెలితిప్పారంటే ప్రమాదం. ముదిరిన ఫ్లోరోసిస్‌లో, అంటే ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బులో, వెన్నుపూసలను కలిపి పట్టి ఉంచే కట్లు (లిగమెంట్లు) గట్టిపడి ఎముకలా అయిపోతాయి, పూసలు అతుక్కుపోతాయి, ఎముక చూడటానికి దట్టంగా ఉన్నా పెళుసుగా ఉంటుంది, కొందరికి వెన్నుపాము మీద ఒత్తిడి కూడా ఉంటుంది. అందుకే యాభై దాటిన ఎవరొచ్చినా నేను ముందు అడిగేవి మూడు: మీది ఏ ఊరు, చిన్నప్పుడు ఏ నీళ్లు తాగారు, గడ్డం ఛాతీకి ఆనించగలరా? అనుమానం వస్తే ఎక్స్‌రే లేకుండా చెయ్యి వెయ్యను, ఎముకల డాక్టర్ దగ్గరికి చీటీ రాసి పంపిస్తాను. ఆయన చూసి పర్లేదంటే తేలికపాటి వ్యాయామం, పాలు, ఆకుకూరల సంగతి చెప్తాను. "ఇది తగ్గించడం నా చేతిలో లేదమ్మా, ఇంకా బిగుసుకుపోకుండా కొంత చూసుకుందాం" అని చెప్పడం కష్టమే, వాళ్లు అంత దూరం బస్సెక్కి వచ్చింది ఆ మాట కోసం కాదు కదా. కానీ అలా చెప్పి ఫీజు తీసుకోకుండా పంపిన మర్రిగూడ పెద్దాయన తర్వాత తన కోడలిని, కోడలి అక్కను, పక్కింటి టైలర్‌ను పంపాడు.

ఇంకొన్ని: కాళ్లు మొద్దుబారిన షుగర్ పేషెంట్‌ను వేడినీళ్ల తొట్టిలో కాళ్లు పెట్టమంటే కాలినా ఆయనకు తెలియదు. గర్భిణులకు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఆవిరి స్నానం వద్దు. ఛాతీలో నొప్పి, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పడం, మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటితో వస్తే ఒక్క నిమిషం కూడా మీ దగ్గర కూర్చోబెట్టకుండా ఆసుపత్రికి పంపండి.

5. టౌన్లో ఉన్న డాక్టర్లను కలవండి

కొత్తగా వచ్చినవాళ్లు వాళ్లను పోటీ అనుకుని దూరంగా ఉంటారు. ఒకే ఒక పేజీలో మీరేం చేస్తారో, ఏం చేయరో రాసుకుని ఇద్దరు ముగ్గురు ఎముకల డాక్టర్లను, ఫిజియోథెరపిస్టులను, ఒక గైనకాలజిస్టును మధ్యాహ్నం ఓపీ ఖాళీగా ఉన్నప్పుడు కలవండి. కొందరు నిలబెట్టే మాట్లాడి పంపేస్తారు, బాధపడకండి. నేను పంపిన పేషెంట్లతో పాటు నా చీటీ కూడా వెళ్లేది, అందులో బీపీ, వాడుతున్న మందులు, నాకొచ్చిన అనుమానం రాసేదాన్ని. ఆరు నెలలకు ఒక డాక్టరే ఫోన్ చేసి, ఆపరేషన్ అయిన పేషెంట్‌కు వ్యాయామం నేర్పిస్తావా అని అడిగారు.

మెడికల్ షాపులవాళ్లు, ఆర్‌ఎంపీలు, "పేషెంట్‌ను పంపితే ఎంతిస్తారు?" అని అడుగుతారు. ఇవ్వకండి. ఒకసారి ఇస్తే ఆ డబ్బు పేషెంట్ జేబులోంచే తీయాలి, అవసరం లేని సిట్టింగులు చెప్పాలి, అక్కడి నుంచి మీ పని మీది కాకుండా పోతుంది.

6. గది ఎక్కడ, ఏ టైంలో

మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్ల కోసం పెట్టిన క్లినిక్ రెండో అంతస్తులో ఉండకూడదు. అద్దె కొంచెం ఎక్కువైనా కింది గదే తీసుకోండి. బస్టాండ్ నుంచి నడిచి వచ్చేంత దూరంలో ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే 2023 డిసెంబర్ 9 నుంచి మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం అయ్యాక పల్లెల నుంచి ఆడవాళ్లు ఒంటరిగా కూడా రాగలుగుతున్నారు. వాళ్లకు ఆటో ఖర్చు మిగిల్చారంటే రెండోసారి కూడా వస్తారు. ఆడవాళ్లకు మర్దన చేయడానికి ఆడమనిషే ఉండాలి, గదికి తలుపు, గొళ్లెం, శుభ్రమైన బాత్రూమ్ ఉండాలి. ఇవి లేక ఇంటికి వెళ్లి మా క్లినిక్ గురించి ఎవరికీ చెప్పనివాళ్లు ఎంతమందో నాకు తెలియదు.

పొలం పనుల క్యాలెండర్ చూసుకోండి. నాట్ల రోజుల్లో, పత్తి ఏరే రోజుల్లో నొప్పులు ఎక్కువ, రావడం తక్కువ, ఒక్క రోజు వస్తే ఆ రోజు కూలి పోతుంది. ఆ నెలల్లో సాయంత్రం ఆరు తర్వాత కూడా తెరిచి ఉంచండి. యాసంగి కోతలు అయ్యాక తీరిగ్గా వస్తారు. మన ఎండల్లో ఆవిరి స్నానం ఎవరూ అడగరు, మట్టి పట్టీ, చన్నీళ్ల చికిత్సలు అప్పుడు చెప్పండి.

7. నలుగురు కూడే చోటికి మీరే వెళ్లండి

నల్గొండలో ఎన్జీ కాలేజీ గ్రౌండ్, మహబూబ్‌నగర్‌లో స్టేడియం, ఇలా పొద్దున నడిచేవాళ్లు ప్రతి టౌన్లో ఉంటారు. ముందు వారం రోజులు మీరూ నడవండి, పలకరించండి, ఆ తర్వాత అడిగితే పది నిమిషాలు మోకాలి వ్యాయామాలు చూపించండి. ఊళ్లలో మహిళా సంఘాల మీటింగులు నెలనెలా జరుగుతాయి, గ్రామైక్య సంఘం అధ్యక్షురాలిని అడిగి చివర్లో ఇరవై నిమిషాలు తీసుకోండి. రైతు వేదికల్లో కూడా అడగొచ్చు. జూన్ 21 యోగా దినోత్సవం, నవంబర్ 18 ప్రకృతి వైద్య దినోత్సవం రోజుల్లో స్కూళ్లు, ఆఫీసులు వాళ్లంతట వాళ్లే పిలుస్తారు, నెల ముందే వెళ్లి మాట్లాడుకోండి.

వెళ్లినచోట ఒకే ఒక్క విషయం నేర్పండి. నేను నాట్లు వేసే ఆడవాళ్లకు, అరగంటకోసారి లేచి నడుం మీద చేతులు పెట్టుకుని వెనక్కి ఎలా వంగాలో, బిందె ఎత్తేటప్పుడు మోకాళ్లు ఎలా వంచాలో చూపిస్తాను, వాళ్లతో చేయిస్తాను. అంతే, క్లినిక్ గురించి వాళ్లు అడిగితేనే చెప్తాను. తైదంబలి, జొన్నరొట్టె తినే ఊళ్లకు పోయి ఓట్స్, చియా గింజల గురించి మాట్లాడకండి, వాళ్లింట్లో ఉన్న తిండితోనే చెప్పండి. అక్కడ ఒకరికి నొప్పి తగ్గితే ఆ ఊరు మొత్తానికి మీ పేరు తెలుస్తుంది.

8. ఫోన్‌తో చేయాల్సినవి

గూగుల్ మ్యాప్స్‌లో మీ క్లినిక్ ప్రొఫైల్ పెట్టండి, అది ఉచితం. పేరు తెలుగులో కూడా ఉండాలి, టైమింగులు సరిగ్గా ఉండాలి, గది ఫొటోలు నిజమైనవి పెట్టాలి. రివ్యూ రాయమని పేషెంట్లను అడగొచ్చు, చుట్టాలతో రాయించకండి, మన టౌన్లలో ఎవరు ఎవరి చుట్టమో అందరికీ తెలుసు.

వాట్సాప్ బిజినెస్ వేరే నంబరుతో తీసుకోండి. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది దాకా పెట్టొచ్చు, కానీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది, కాబట్టి చీటీ ఇచ్చేటప్పుడే వాళ్ల ఫోన్‌లో మీ నంబరు సేవ్ చేయించండి. పెద్దవాళ్లకు వాయిస్ మెసేజ్ పంపండి. వారానికి ఒకటి చాలు, రోజూ గుడ్ మార్నింగ్ పువ్వులు పంపితే మ్యూట్ చేసేస్తారు. వీడియోలు నిమిషంన్నర దాటకుండా, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడండి. పేషెంట్ మొహం కనపడే ఫొటో, వీడియో వాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా పెట్టొద్దు. కామెంట్లో ఎవరైనా జబ్బు చెప్పి మందు అడిగితే, చూడకుండా చెప్పలేనని రాయండి.

ఫ్లెక్సీలు, కేబుల్ టీవీ స్క్రోలింగ్, ఆటో మైకు, అన్నీ నేను చేసి చూశాను. మంచి తెలుగు బోర్డు ఒకటి ఉంటే వీటి డబ్బు మిగిలినట్టే.

9. ఫీజు గోడ మీద రాయండి

నేను మొదటిసారి చూసినందుకు 200 రూపాయలు పెట్టాను, సిట్టింగ్ ధర విడిగా రాశాను. "ఎంతైతది మేడం?" అని అడగడానికి మొహమాటపడేవాళ్లే ఎక్కువ, అడగకుండానే కనపడితే ధైర్యంగా కూర్చుంటారు. 21 రోజుల ప్యాకేజీకి ముందే మొత్తం డబ్బు కట్టించుకోవద్దు. ఐదు సిట్టింగులయ్యాక కొంచెం కూడా తేడా లేకపోతే మీరే ఆపి, ఇంకెవరికి చూపించాలో చెప్పండి. అలాగని నెలల తరబడి ఉచితంగా కూడా చేయకండి, మీ అద్దె, మీ దగ్గర పనిచేసే ఆమె జీతం దాంట్లోంచే రావాలి. చేతిలో ఆరు నెలల అద్దె పెట్టుకుని మొదలుపెట్టండి, ఆ ఆరు నెలలు పొద్దున యోగా బ్యాచ్‌తోనే గడవొచ్చు.

10. ఒక నోటుబుక్కు

పేరు, ఊరు, బాధ, వాడుతున్న మందులు, చేసింది, వీటితో పాటు చివర్లో ఒక గడి గీయండి: "ఎవరు చెప్తే వచ్చారు?" ప్రతి కొత్త పేషెంట్‌ను అడిగి రాయండి. ఏడో రోజు ఫోన్ చేసి ఎలా ఉందో అడగండి, తగ్గలేదంటే అదీ రాయండి. మూడు నెలలకోసారి ఆ చివరి గడి మాత్రం చదవండి. నా పుస్తకంలో పాంప్లెట్ అని ఉన్న పేజీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎక్కువగా ఉన్నవి అత్త, వదిన, వాకింగ్ ఫ్రెండ్, బస్సులో పక్క సీటామె. నాలుగో నెలలో ఒకచోట ఆ ఆటో అతని భార్య పేరు ఉంది, వాళ్ల తమ్ముడిని మెడ నొప్పికి పంపింది. అతను లోపలికి వచ్చి మొదటి మాటగా, "మా అక్క చెప్పింది, మందుల చీటీ తెచ్చిన" అన్నాడు.